ప్రైమరీలో పెద్దల మద్దతు, చందాల లెక్క

మీరు మూడు ప్రశ్నలు కలిపి అడిగారు. అమెరికా అధ్యక్ష ప్రైమరీల్లో (పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో) గవర్నర్లు, సెనేటర్లు ఫలానా అభ్యర్థికి మద్దతు ప్రకటిస్తే నిజంగా ఓట్లు పడతాయా? ఎన్నికల్లో డబ్బు పెత్తనం తగ్గిస్తానని చెప్పే అభ్యర్థికి ఆ పెద్దల మద్దతు ఎందుకు దొరకదు? హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్న మీరు, ఆఫీసులో ఒకాయన రమ్మంటున్న ఫండ్‌రైజర్‌కు (చందాలు పోగుచేసే కార్యక్రమానికి) వెళ్లి డబ్బు ఇవ్వొచ్చా? మూడోదానికి జవాబు ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అది ఈ వారాంతమే అన్నారు. ఇవ్వకండి. ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. కారణం చివర్లో వివరంగా రాస్తాను.

నేను 1998లో న్యూ హాంప్‌షైర్‌లోని నాషువాకు ఉద్యోగానికి వచ్చాను. అప్పుడు నాదీ హెచ్-1బియే. ఓటు లేదు, చందా ఇచ్చే హక్కూ లేదు. కానీ ఈ రాష్ట్రంలో ప్రైమరీ సీజన్ వచ్చిందంటే, అధ్యక్షుడు కావాలనుకునేవాళ్లు వీధి చివర హోటల్లో కాఫీ తాగుతూ కనిపిస్తారు. చూడకుండా ఉండలేం. సిటిజన్‌షిప్ వచ్చాక కొన్ని ప్రచారాల్లో వాలంటీరుగా పనిచేశాను. నాకు ఎక్కువగా అప్పగించింది విరాళాల ఫారాలు కంప్యూటర్లో ఎక్కించే పని. 200 డాలర్లు దాటిన ప్రతి దాతకూ పేరు, చిరునామా, ఉద్యోగం, యజమాని పేరు రాసి ఫెడరల్ ఎన్నికల కమిషన్‌కు పంపాలి. 'యజమాని' అన్న గడి ఖాళీగా వదిలేసినవాళ్లకు ఫోన్లు చేసి కనుక్కోవడంలో ఎన్ని సాయంత్రాలు గడిచాయో లెక్కలేదు. ఆ పనిలోనే నాకు ఒక విషయం తెలిసొచ్చింది. ఒక పెద్ద నాయకుడు మద్దతు ప్రకటించిన మర్నాడు ఓటర్ల ఫోన్లు పెద్దగా పెరగవు. చెక్కులు పెరుగుతాయి.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే. ప్రైమరీలో మద్దతు ప్రకటన ఓటరుకు చేరేలోపే దాతకు చేరుతుంది. "ఈయన గెలిచే గుర్రం, మా మనుషులంతా ఇటే ఉన్నారు, మీ డబ్బు వృథా కాదు" అని అది దాతకు చెబుతుంది. ఇది పట్టుకుంటే రెండో ప్రశ్నకు జవాబు దానంతట అదే వస్తుంది. అయితే ఊరికే సూత్రం చెప్పి వదిలేస్తే అన్యాయం. 2000 సంవత్సరపు ప్రైమరీ కథ చెప్పాలి. మద్దతు, డబ్బు, సంస్కరణ మూడూ ఒకే చోట ఢీకొన్నది అక్కడే.

అప్పట్లో రూల్ ఏమిటంటే, ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు 1,000 డాలర్లకు మించి ఇవ్వకూడదు. వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత 1974లో పెట్టిన పరిమితి అది. దానితోపాటు ప్రైమరీ అభ్యర్థులకు ప్రభుత్వం మ్యాచింగ్ ఫండ్స్ కూడా ఇచ్చేది. ఒక్కో దాత ఇచ్చిన మొత్తంలో మొదటి 250 డాలర్లకు ప్రభుత్వం అంతే సొమ్ము కలుపుతుంది. అందుకు బదులుగా అభ్యర్థి ఖర్చు మీద పరిమితికి ఒప్పుకోవాలి. 2000లో ఆ పరిమితి సుమారు 4 కోట్ల డాలర్లు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంలో కూడా పరిమితి ఉండేది. మా రాష్ట్రం చిన్నది కాబట్టి మా పరిమితీ చిన్నదే. అందుకని ప్రచార సిబ్బంది రాత్రి పడుకోవడానికి సరిహద్దు దాటి మసాచుసెట్స్ మోటళ్లకు పోయేవారు, ఆ ఖర్చు న్యూ హాంప్‌షైర్ లెక్కలో పడకుండా.

ఇన్ని రూల్స్ ఉన్నా ఒక పెద్ద కంత ఉండేది. అభ్యర్థికి కాకుండా పార్టీకి 'పార్టీ నిర్మాణం' పేరుతో ఇస్తే పరిమితే లేదు. కంపెనీలు, యూనియన్లు, కోటీశ్వరులు ఎంతైనా ఇవ్వొచ్చు. దాన్నే సాఫ్ట్ మనీ అన్నారు. 2000 ఎన్నికల్లో రెండు పార్టీలూ కలిపి దాదాపు 50 కోట్ల డాలర్ల సాఫ్ట్ మనీ సేకరించాయి.

ఇక రిపబ్లికన్ ప్రైమరీలో దిగిన టెక్సస్ గవర్నర్ జార్జ్ బుష్. 1999 మొదటి ఆరు నెలల్లోనే ఆయనకు దాదాపు 3.6 కోట్ల డాలర్లు వచ్చాయి. మనిషికి 1,000 డాలర్ల పరిమితి ఉన్న రోజుల్లో ఇదెలా సాధ్యమైంది? తెలిసినవాళ్ల దగ్గర చెక్కులు పోగుచేసి కనీసం లక్ష డాలర్లు తెచ్చినవాళ్లకు 'పయనీర్' అని పేరు పెట్టారు. ఒక్కో పయనీర్‌కు ఒక నంబరు. ఆ నంబరు చెక్కు మీద రాస్తే, ఏ చెక్కు ఎవరి ఖాతాలోకి వచ్చిందో ప్రచారానికి తెలిసిపోతుంది. ఆయన మ్యాచింగ్ ఫండ్స్ వద్దన్నారు, కాబట్టి ఖర్చు పరిమితీ లేకుండా పోయింది. ప్రైమరీల కోసం ఆయన సేకరించింది 9 కోట్ల డాలర్లు దాటింది. 1999 ముగిసేసరికి రిపబ్లికన్ గవర్నర్లలో అత్యధికులు, సెనేటర్లలో అత్యధికులు ఆయన వెనుకే ఉన్నారు. డబ్బు చూసి పెద్దలు వచ్చారా, పెద్దలను చూసి డబ్బు వచ్చిందా అంటే, రెండూ ఒకదాన్నొకటి లాక్కొచ్చాయి. ఎలిజబెత్ డోల్ సంగతే చూడండి. రెండు ప్రభుత్వాల్లో కేబినెట్ మంత్రిగా చేసిన మనిషి, దేశమంతా తెలిసిన పేరు. ఒక్క ఓటైనా పడకముందే 1999 అక్టోబరులో తప్పుకున్నారు, డబ్బు దగ్గరే ఓడిపోయానని బహిరంగంగా చెప్పి మరీ. జనవరిలో ఆమె ఎవరికి మద్దతు ప్రకటించారు? బుష్‌కే.

ఆయన ఎదుట నిలబడింది అరిజోనా సెనేటర్ జాన్ మెకైన్. డెమొక్రాట్ అయిన రస్ ఫైన్‌గోల్డ్‌తో కలిసి సాఫ్ట్ మనీని నిషేధించే బిల్లును ఏళ్ల తరబడి సెనేట్‌లో నెట్టుకొస్తున్న మనిషి. ఆయనకు మద్దతిచ్చిన తోటి రిపబ్లికన్ సెనేటర్లు నలుగురంటే నలుగురు: ఫ్రెడ్ థాంప్సన్, చక్ హేగల్, మైక్ డివైన్, జాన్ కైల్. ఆయన్ని ఏళ్ల తరబడి దగ్గర్నుంచి చూసినవాళ్లలో నలుగురే. ఆయన కోపం, మొండితనం కూడా కొంత కారణమని అప్పట్లో అన్నారు, అందులో నిజం ఉంది. కానీ అసలు కారణం వేరు. మద్దతు అడుగుతున్నది ఎవర్ని? సాఫ్ట్ మనీతో గెలిచి వచ్చినవాళ్లను, మళ్లీ దానితోనే గెలవాల్సినవాళ్లను. "మీరు కూర్చున్న కొమ్మను నేను నరుకుతాను, దయచేసి నిచ్చెన పట్టుకోండి" అంటే ఎంతమంది పట్టుకుంటారు? ఆయన్ని నిజంగా సమర్థించే ఫైన్‌గోల్డ్‌ది అవతలి పార్టీ. ఆయన మద్దతు రిపబ్లికన్ ప్రైమరీలో పనికిరాదు. ఏ పార్టీలోనైనా సంస్కరణ అభ్యర్థికి ఎదురయ్యే ఇబ్బంది ఇదే.

మద్దతు లేనివాడు ఏం చేయాలి? తిరగాలి. మెకైన్ మా రాష్ట్రంలో 114 టౌన్‌హాల్ సభలు పెట్టారు. పీటర్‌బరోలో ప్రైమరీకి ముందు జరిగిన చివరి సభల్లో ఒకదానికి మా ఆఫీసు సహోద్యోగి కారులో నేనూ వెళ్లాను. పాత ఇటుకల టౌన్‌హౌస్ భవనం, మెట్ల మీద గట్టిపడిన మంచు, లోపల కోట్లు విప్పే చోటు కూడా లేనంత జనం. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాం. ఆయన కాసేపు మాట్లాడి, ఇక అడగండి అన్నారు. నేను ఊహించిన ప్రశ్నలు పన్నులు, స్కూళ్లు. కానీ లేచినవాళ్లలో ఎక్కువమంది అడిగింది డబ్బు గురించే. మందుల ధర ఎందుకు తగ్గదు, మా మాట ఎందుకు వినరు అని మొదలుపెట్టి, అక్కడికే వచ్చి ఆగేవారు. మా ఊళ్లో సర్పంచి ఎన్నికల్లో డబ్బు పంచడం చూసి పెరిగినవాణ్ణి నేను. డబ్బు గురించి ఓటర్లే లేచి అభ్యర్థిని నిలదీయడం చూడటం అదే మొదటిసారి. ఆ రాత్రి తిరిగొస్తూ కారులో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

దానికి కొన్ని వారాల ముందు, 1999 డిసెంబరు 16న, క్లేర్‌మాంట్ అనే చిన్న ఊళ్లో ఇంకో ఘటన జరిగింది. మెకైన్, డెమొక్రాట్లలో ఉపాధ్యక్షుడు అల్ గోర్ మీద పోటీ చేస్తున్న బిల్ బ్రాడ్లీ, ఇద్దరూ ఒకే వేదిక మీద చేతులు కలిపారు. తామిద్దరం నామినేషన్ గెలిస్తే సాఫ్ట్ మనీ వాడుకోబోమని మాటిచ్చారు. క్లేర్‌మాంటే ఎందుకంటే, 1995 జూన్‌లో అదే ఊళ్లో అధ్యక్షుడు క్లింటన్, స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ చేతులు కలిపి ఎన్నికల నిధుల మీద కమిషన్ వేస్తామన్నారు. ఒక స్థానికుడు లేచి అడిగితే అప్పటికప్పుడు ఇచ్చిన మాట అది. ఆ కమిషన్ ఎప్పటికీ రాలేదు. ఆ ఊరివాళ్లు అది మర్చిపోలేదు.

ఫిబ్రవరి 1న మా రాష్ట్రంలో మెకైన్‌కు దాదాపు 49 శాతం, బుష్‌కు 30 శాతం ఓట్లు వచ్చాయి. మా రిపబ్లికన్ సెనేటర్ జడ్ గ్రెగ్ బుష్ పక్షాన ఉండగా జరిగిందిది. మిషిగన్‌లో గవర్నర్ జాన్ ఎంగ్లర్ తన రాష్ట్రాన్ని బుష్‌కు కంచుకోటగా నిలబెడతానన్నారు. అక్కడా మెకైనే గెలిచారు, ఎందుకంటే అక్కడి ప్రైమరీలో ఏ పార్టీకీ చెందనివాళ్లు, డెమొక్రాట్లు కూడా ఓటు వేయొచ్చు. అంటే పెద్దల మాట వినేది పార్టీ మనుషులే, గడప బయట ఉన్నవాళ్లు వినరు. సౌత్ కరోలినాలో తేడా తెలిసింది. అక్కడ పార్టీ యంత్రాంగం బలమైనది, దాని పెద్దల్లో ఎక్కువమంది బుష్ వెనుక ఉన్నారు. బుష్‌కు 53, మెకైన్‌కు 42.

మార్చి 7న పెద్ద రాష్ట్రాల పోలింగ్. దానికి కొద్ది రోజుల ముందు న్యూయార్క్, ఒహాయో, కాలిఫోర్నియా టీవీల్లో మెకైన్ పర్యావరణ రికార్డును తిడుతూ ప్రకటనలు వచ్చాయి. ప్రకటన ఇచ్చినవాళ్ల పేరు 'రిపబ్లికన్స్ ఫర్ క్లీన్ ఎయిర్'. ఎవరీ సంస్థ అని ఆరా తీస్తే, బుష్‌కు దాతలైన డాలస్ సోదరులు శామ్ వైలీ, చార్ల్స్ వైలీ తేలారు. ఖర్చు 25 లక్షల డాలర్లు. మెకైన్ ఏ జబ్బుకు మందు వేస్తానన్నారో, ఆ జబ్బే ఆయన్ని కొట్టింది. మార్చి 9న ఆయన, బ్రాడ్లీ ఇద్దరూ ఒకే రోజు తప్పుకున్నారు. మే నెలలో మెకైన్ బుష్‌కు మద్దతు ప్రకటించారు.

బ్రాడ్లీ విషయంలో ఒక చిన్న మాట. ఆయనకు డబ్బు కొరత లేదు, 1999లో గోర్‌కు దరిదాపుల్లో సేకరించారు. కానీ గోర్ వైపు యూనియన్ల సమాఖ్య ఏఎఫ్ఎల్-సీఐఓ, టెడ్ కెనడీ లాంటివాళ్లు ఉన్నారు. పైగా మా రాష్ట్రంలో స్వతంత్ర ఓటర్లు ఏదో ఒక పార్టీ బ్యాలెట్టే తీసుకోవాలి. సంస్కరణ కోరే ఆ ఓటర్లలో ఎక్కువమంది మెకైన్ బ్యాలెట్ వైపు వెళ్లిపోయారు. బ్రాడ్లీ ఇక్కడ సుమారు 4 శాతం తేడాతో ఓడిపోయారు. క్లేర్‌మాంట్‌లో చేతులు కలిపిన ఇద్దరూ అవే ఓట్ల కోసం పోటీపడ్డారన్నమాట.

మెకైన్‌ను నేను దేవుణ్ణి చేయడం లేదు. 1980ల చివర్లో బయటపడిన, దివాలా తీసిన పొదుపు సంస్థ యజమాని చార్ల్స్ కీటింగ్ తరఫున నియంత్రణ అధికారులను కలిసిన వ్యవహారంలో ఇరుక్కున్న ఐదుగురు సెనేటర్లలో ఆయనొకరు. కీటింగ్, ఆయన మనుషులు మెకైన్ ప్రచారాలకు లక్ష డాలర్లకు పైగా ఇచ్చారు. ఆయన విచక్షణ తప్పిందని సెనేట్ ఎథిక్స్ కమిటీ 1991లో తేల్చింది. ఆ మచ్చే తనను ఈ పనికి పురికొల్పిందని ఆయనే చెప్పుకున్నారు. తప్పు చేసి ఒప్పుకున్నవాడు ఆ విషయం మీద మాట్లాడితే నాకు ఎక్కువ నమ్మకం.

మా రాష్ట్రపు ముసలమ్మ గురించి చెప్పకపోతే నా మనసు ఒప్పదు. పీటర్‌బరో పక్కనే డబ్లిన్ అనే ఊరు. ఆ ఊరి డోరిస్ హ్యాడక్‌ను దేశమంతా 'గ్రానీ డి' అని పిలిచింది. ఎన్నికల నిధుల సంస్కరణ కోసం 88 ఏళ్ల వయసులో, 1999 జనవరి 1న, కాలిఫోర్నియాలోని పాసడీనా నుంచి నడక మొదలుపెట్టారు. రోజుకు పది మైళ్ల చొప్పున 3,200 మైళ్లు. ఆఖర్లో మంచు ముంచెత్తితే వంద మైళ్ల దాకా స్కీల మీద వెళ్లారు. 2000 ఫిబ్రవరి 29న వాషింగ్టన్ చేరేసరికి ఆమెకు 90 నిండాయి. 2004లో, 94 ఏళ్ల వయసులో, ఇందాక చెప్పిన జడ్ గ్రెగ్ మీదే సెనేట్‌కు పోటీ చేశారు, ఓడిపోయారు. ఆమె వెనుక ఏ గవర్నరూ నడవలేదు. కానీ 2002లో మెకైన్-ఫైన్‌గోల్డ్ చట్టం గెలిచిందంటే, అందులో ఆమె అరికాళ్ల భాగం ఉందని నేను నమ్ముతాను.

ఆ చట్టం మీద 2002 మార్చి 27న సంతకం పెట్టింది అధ్యక్షుడు బుషే. జాతీయ పార్టీలకు సాఫ్ట్ మనీ ఆగింది. వ్యక్తి పరిమితి 2,000 డాలర్లకు పెరిగింది, తర్వాత ధరలతోపాటు పెరుగుతూ 2025-26కు 3,500 అయింది. టీవీ ప్రకటనలో అభ్యర్థి స్వయంగా "ఈ సందేశం నాకు సమ్మతమే" అని చెప్పడం కూడా ఆ చట్టం తెచ్చిందే. 2003లో సుప్రీంకోర్టు దాన్ని దాదాపు అంతా నిలబెట్టింది. 2010 జనవరి 21న సిటిజన్స్ యునైటెడ్ కేసులో అదే కోర్టు 5-4 తీర్పుతో, అభ్యర్థితో సంబంధం లేకుండా కంపెనీలు, యూనియన్లు చేసే ఖర్చును ఆపకూడదంది. కొద్ది వారాలకే కింది కోర్టు ఇంకో తీర్పుతో సూపర్ ప్యాక్‌లకు తలుపు తీసింది. అభ్యర్థితో సంబంధం లేకుండా ఖర్చుపెట్టే అలాంటి సంస్థలకు ఇచ్చే విరాళానికి పరిమితి లేదు. గ్రానీ డి అదే ఏడాది మార్చి 9న, నూరేళ్లు నిండాక, ఆ మొదటి తీర్పు చూసి వెళ్లిపోయారు.

మీలాగా ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడొక తికమక ఉంటుంది. మన దగ్గర లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది, పెద్ద రాష్ట్రాల్లో 95 లక్షల రూపాయలు. పార్టీ ఖర్చుకు లేదు. ఇక్కడ తలకిందులు. 1976లో బక్లీ కేసులో సుప్రీంకోర్టు, ఖర్చు పెట్టడం మాట్లాడే హక్కులో భాగమని చెప్పి ఖర్చు పరిమితులు కొట్టేసింది, అభ్యర్థికిచ్చే విరాళం మీద పరిమితిని ఉంచింది. మ్యాచింగ్ ఫండ్స్ తీసుకున్నవాళ్లు మాత్రం ఇష్టపూర్వకంగా ఖర్చు పరిమితికి లోబడాలి. ఎవరిచ్చారో దాచిపెట్టిన ఎలక్టోరల్ బాండ్లను మన సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది కదా. ఇక్కడ అభ్యర్థికి 200 డాలర్లు దాటి ఇచ్చిన ప్రతివారి పేరూ ఎవరైనా చూడొచ్చు. దేశాల మధ్య పోలిక ఇంతవరకే, ఎక్కువ సాగదీస్తే తప్పుదారి పడతాం.

ఇప్పుడు పెద్దల మద్దతు పనిచేయని సందర్భం ఒకటి, పనిచేసిన సందర్భం ఒకటి చెబుతాను.

2003లో డెమొక్రటిక్ ప్రైమరీ అభ్యర్థి హోవర్డ్ డీన్ ఇంటర్నెట్‌లో చిన్న చిన్న విరాళాలు పోగుచేసి, అప్పటిదాకా డెమొక్రాట్లు చూడని మొత్తాలు తెచ్చారు. నవంబరులో తన మద్దతుదారులతో ఆన్‌లైన్‌లో ఓటు వేయించి మ్యాచింగ్ ఫండ్స్ వదులుకున్నారు. డిసెంబరు 9న న్యూయార్క్ హార్లెమ్‌లో అల్ గోర్ స్వయంగా మద్దతు ప్రకటించారు. జనవరిలో బ్రాడ్లీ కూడా. నాలుగేళ్ల క్రితం ఒకరితో ఒకరు పోటీపడిన ఇద్దరూ ఒకే మనిషి వెనుక! రెండు పెద్ద యూనియన్లు కూడా చేరాయి. అంగట్లో అన్నీ ఉన్నాయి. జనవరి 19న, మొదటి పోటీ జరిగిన అయోవాలో డీన్‌కు 18 శాతం, మూడో స్థానం. ఎందుకలా? నా అభిప్రాయం చెబుతాను. డీన్ బలమంతా "పెద్దల అవసరం లేని మనిషి" అన్న పేరులో ఉంది. పెద్దలు వచ్చి పక్కన నిలబడ్డాక ఆయన కూడా అందరిలాంటివాడే అయ్యారు. వాళ్లు రావడం చూసి మిగతా పోటీదారులందరూ ఆయన మీదే గురిపెట్టారు. అప్పటికే డబ్బున్న డీన్‌కు ఆ మద్దతు కొత్తగా తెచ్చిపెట్టింది కూడా తక్కువే.

2016లో జార్జ్ బుష్ తమ్ముడు జెబ్ బుష్, తన సూపర్ ప్యాక్ దగ్గర 10 కోట్ల డాలర్లకు పైగా ఉన్నా, నలుగురు డెలిగేట్లతోనే (పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులతోనే) ఆగిపోయారని మీకు తెలిసే ఉంటుంది. దాని మీద ఎక్కువ రాయను.

పనిచేసిన సందర్భం 2020 ఫిబ్రవరి. జో బైడెన్ అయోవాలో నాలుగు, మా దగ్గర ఐదు స్థానాల్లో ఉన్నారు. డబ్బు అడుగంటింది. ఎదురుగా మైక్ బ్లూమ్‌బెర్గ్ సొంత జేబులోంచి నీళ్లలా ఖర్చు పెడుతున్నారు. సౌత్ కరోలినా ఎంపీ జిమ్ క్లైబర్న్, నల్లజాతి ఓటర్లలో ఎంతో గౌరవం ఉన్న మనిషి, ఎటూ తేల్చలేదు. ఆయనే తర్వాత చెప్పిన సంగతి ఇది. తన అకౌంటెంట్ అంత్యక్రియలకు చర్చికి వెళ్తే, ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ వేలితో దగ్గరకు పిలిచి, ఎవరికి ఓటేస్తున్నావని అడిగింది. బైడెన్‌కే అని చెవిలో చెప్పారు. తనకు, ఈ ఊరివాళ్లకు అది తెలియాలని ఆమె చెప్పింది. ఫిబ్రవరి 26న ఆయన ప్రకటించారు. 29న బైడెన్ 48 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు. క్లైబర్న్ మాట తమకు ముఖ్యమైందని ఎగ్జిట్ పోల్‌లో దాదాపు సగం మంది చెప్పారు. మార్చి 2న పీట్ బుటిజెజ్, ఏమీ క్లోబుచర్ పోటీలోంచి తప్పుకుని డాలస్‌లో మద్దతు ప్రకటించారు. మర్నాడు 14 రాష్ట్రాల్లో పదింటిని బైడెన్ గెలిచారు, కొన్నింటిలో దాదాపు ప్రచారమే చేయకుండా. మొత్తం 100 కోట్ల డాలర్లు దాటి ఖర్చుపెట్టిన బ్లూమ్‌బెర్గ్ అమెరికన్ సమోవా ఒక్కటే గెలిచారు.

ఈ రెంటికీ తేడా ఎక్కడుంది? చర్చిలో ఆ పెద్దావిడకు క్లైబర్న్ టీవీలో కనిపించే పెద్దమనిషి కాదు. పెళ్లికీ చావుకూ వచ్చే మనిషి. ఆయన మాట దాతల గదిని దాటి నేరుగా ఓటరుకు చేరింది. సమయం కూడా కలిసొచ్చింది. ఎవరి వైపు పోవాలో తెలియక జనం ఎదురుచూస్తున్న ఆ మూడు రోజుల్లో వచ్చిందది. గాలి ఎటు వీస్తుందో తేలాక వచ్చే మద్దతు ఊరేగింపులో కలవడం లాంటిది. అభ్యర్థి కష్టాల్లో ఉండగా వచ్చేది వేరు. మద్దతు ప్రకటన చూసినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: ఈయన దీనివల్ల ఏమైనా పోగొట్టుకునే ప్రమాదం ఉందా? 2000లో లిండ్సే గ్రహమ్, మార్క్ శాన్‌ఫర్డ్ సౌత్ కరోలినాలో ఎంపీలుగా ఉండి, సొంత రాష్ట్ర పార్టీ అంతా బుష్ వైపు ఉండగా, మెకైన్ పక్కన నిలబడ్డారు. వాళ్ల రాజకీయాలతో నాకు తర్వాత పేచీలు ఉండొచ్చు గానీ, ఆనాటి మద్దతుకు విలువ ఉంది.

సంస్కరణ అభ్యర్థులకు ఇప్పుడు దారి లేదా అంటే, ఉంది, ఇరవై ఏళ్ల క్రితం కంటే వెడల్పుగానే ఉంది. బెర్నీ శాండర్స్ 2016లో సగటు విరాళం 27 డాలర్లని ప్రతి సభలో చెప్పేవారు, జనం ఆయనతోపాటు ఆ అంకె అరిచేవారు. 2019లో డెమొక్రటిక్ పార్టీ మొదటి డిబేట్‌లోకి రావడానికి కొన్ని సర్వేల్లో ఒక శాతం గానీ, కనీసం 65,000 మంది దాతలు గానీ ఉండాలంది. పెద్దల సంతకాలకు బదులు సామాన్యుల చెక్కులు లెక్కలోకి వచ్చాయి. నేను సంతోషించాను. కానీ వెంటనే ఇంకో జబ్బు మొదలైంది. ఒక్కో డాలరు దాత కోసం ఫేస్‌బుక్ ప్రకటనల మీద ఎన్నో డాలర్లు పోసేవాళ్లు తయారయ్యారు. ఒక కంత పూడిస్తే నీళ్లు ఇంకో చోట దారి వెతుక్కుంటాయి, పొలం గట్టు చూసుకున్నవాళ్లకు ఇది కొత్త కాదు. అయినా గట్టు వేయడం మానం కదా. 2010 తర్వాత "ఇక ఏం లాభం" అన్న మిత్రులకు నేను ఇదే చెబుతూ వచ్చాను. దాతల పేర్లు బయటపెట్టే నియమం ఇప్పటికీ నిలబడే ఉంది. అది 1970లలో ఎవరో పట్టుబట్టి పెట్టించిందే.

ఇక మీ వీకెండ్ సంగతి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు విరాళం ఇవ్వొచ్చు. హెచ్-1బి, ఎఫ్-1, హెచ్-4 మీద ఉన్నవాళ్లు ఏ స్థాయి ఎన్నికకూ, అధ్యక్ష పదవికైనా, మీ ఊరి మేయర్ పదవికైనా, ఇవ్వకూడదు. ఇది అన్యాయమని, మీలాగే తాత్కాలిక వీసాల మీద పనిచేస్తున్న ఇద్దరు కోర్టుకు వెళ్లారు. బ్లూమన్ కేసు అంటారు. 2011లో వాషింగ్టన్‌లో ముగ్గురు జడ్జిల ధర్మాసనం వాళ్ల వాదన కొట్టేసింది. తీర్పు రాసింది అప్పటికి కింది కోర్టులో ఉన్న బ్రెట్ కావనా. 2012లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. కాబట్టి అనుమానానికి తావు లేదు.

'విరాళం' అంటే చెక్కు ఒక్కటే కాదు. ఫండ్‌రైజర్ భోజనం టికెట్టు విరాళమే. ప్రచారం వెబ్‌సైట్‌లో కొన్న టీషర్టు కూడా విరాళమే. అక్కడ 'నేను అమెరికా పౌరుణ్ణి లేదా శాశ్వత నివాసిని' అన్న గడి ఉంటుంది. అది టిక్ చేయడమంటే అబద్ధం మీద సంతకం పెట్టడం. రేపు గ్రీన్‌కార్డ్ ఫారంలో, సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో ఇది తలెత్తితే ఎంత టెన్షనో ఆలోచించండి. ఇక్కడ పుట్టిన మీ పాప పేరు మీద ఇవ్వొచ్చా అని కొందరు అడుగుతారు. ఇవ్వకూడదు. డబ్బు మీదైతే ఇచ్చింది మీరే.

ఇంకోటి, ఇది సిటిజన్లకు కూడా చెబుతున్నాను. మన తెలుగువాళ్ల ఇళ్లలో జరిగిన ఒక ఫండ్‌రైజర్‌లో చిన్న కంపెనీ నడిపే ఒకాయన తన ఉద్యోగులతో "మీరు చెక్కులు రాయండి, జీతంలో కలిపి తిరిగిస్తాను" అనడం నా చెవులతో విన్నాను. ఆయనకు అది సాయంలా అనిపించి ఉండొచ్చు. అది నేరం. ఇంకొకరి పేరు మీద విరాళం ఇవ్వడం, ఇప్పించడం రెండూ నేరమే. ముంబైలో పుట్టిన రచయిత దినేశ్ డిసౌజా 2012 న్యూయార్క్ సెనేట్ పోటీలో ఇతరుల పేర్ల మీద 20,000 డాలర్లు ఇప్పించి, 2014లో కోర్టులో తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. 2018లో ఆయనకు అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికింది. మనలాంటివాళ్లకు దొరకదు. ఆ ఫండ్‌రైజర్ రోజు నేను ఆ కంపెనీ యజమానిని పక్కకు పిలిచి చెప్పాను. ముఖం మాడ్చుకున్నారు గానీ చెక్కులు వెనక్కి ఇచ్చేశారు.

మీరు చేయగలిగింది ఉంది. జీతం తీసుకోకుండా వాలంటీరుగా పనిచేయొచ్చు. ఇల్లిల్లూ తిరగొచ్చు, ఫోన్లు చేయొచ్చు, ఎన్నికల అంశాల మీద మాట్లాడొచ్చు. ప్రచారం డబ్బు ఎలా ఖర్చు పెట్టాలన్న నిర్ణయాల్లో మాత్రం వేలు పెట్టకూడదు. ఫండ్‌రైజర్‌కు పిలిచినాయనతో "నాకు హెచ్-1బి, డబ్బు ఇవ్వలేను, శనివారం తలుపులు తట్టడానికి వస్తాను" అని సూటిగా చెప్పండి. మంచి ప్రచారమైతే ఎగిరి గంతేస్తారు, వాళ్లకు డబ్బు కన్నా మనుషుల కొరతే ఎక్కువ. ముఖం మార్చి "పర్లేదు, నా కార్డు మీద కొట్టేద్దాం, తర్వాత ఇద్దురు" అంటే మాత్రం అటువైపు పోకండి. వెళ్లే ముందు ఫెడరల్ ఎన్నికల కమిషన్ సైట్‌లో ఆ అభ్యర్థి పేరు కొట్టి దాతల జాబితా ఒకసారి తెరిచి చూడండి. ఎవరు ఎంతిచ్చారో, ఏ ఉద్యోగమో, ఏ తేదీనో వరసగా ఉంటుంది. ఏదైనా పెద్ద మద్దతు ప్రకటన వచ్చిన తేదీ పక్కన పెట్టుకుని ఆ జాబితా కిందికి జరపండి. చలికాలంలో తిరగాల్సి వస్తే లోపల ఉన్ని ఉన్న బూట్లు కొనుక్కోండి, ఇక్కడి మెట్ల మీద మంచు మార్చి దాకా కరగదు.